దొరగారి కుర్చీ

పంజాగుట్టలో ఒక సేఠు ఫర్నిచర్ షాపుకు ముప్పై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్న రాజనర్సయ్య, భార్య సీతాబాయి పోరు పడలేక సముద్రపొడ్డు ఊళ్లో పాత దొర బంగళా మ్యూజియం చూడబోయాడు. తాడు కట్టిన కుర్చీ ముందు నిలబడిపోయాడు. పాతకాలం దానిలా కనబడాలని టీ డికాషన్ పూసి, సైకిల్ చైనుతో కొట్టి, తన చేతులతో ముసలిదాన్ని చేసిన కుర్చీ అది! వంగి చూస్తే సీటు కింద తన గుర్తుగా ఉలితో పెట్టే మూడు గాట్లు.

"ముట్టుకోకండి! రెండొందల ఏళ్ల కిందట దొరగారు కూర్చున్న కుర్చీ," గైడు గసిరాడు.

"పోయినేడు నేనే చేసిన్నయ్యా."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. సీతాబాయి సిగ్గుతో చెయ్యి పట్టి లాగింది.

"పా, బయట జర కూసుందం."

మెట్ల మీద కూలబడ్డాడు రాజనర్సయ్య.

"చేసిననాడు సేఠు కూసోనియ్యలే. ఇయ్యాల సచ్చిన దొర సుత కూసోనిస్తలేడు."