నలతగారి ‘ఏం లేదు’

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. అందరికీ ఆయన నలతగారు. వృత్తికి బోర్డులు రాసే పెయింటరు, ప్రవృత్తికి రోగి. మర్యాదకి “బాగున్నారా?” అని అడిగితే చాలు, “ఏం బాగులెండి, ఒంట్లో కాస్త నలతగా ఉంది” అని మొదలెట్టి, మడమ దగ్గర బయల్దేరి, మోకాలి మీదుగా వచ్చి, నడుం దగ్గర కాసేపు మజిలీ చేసి, ఎడమ చెవిలో హోరు దాకా వెళ్ళి ఆగేవాడు. తెలిసినవాళ్ళు దూరం నుంచే మొహం చాటేసేవాళ్ళు. పాపం, కొత్తగా అద్దెకి దిగినవాళ్ళే దొరికిపోయేవాళ్ళు. ఇంతా చేసి మనిషి గుండ్రాయిలా ఉండేవాడు. భార్యకైతే ఆ వరస కంఠతా వచ్చు. మోకాలి దాకా ఊఁ కొట్టి, నడుం రాగానే వంటింట్లోకి జారుకునేది.

అలాంటి నలతగారికి విమానం ఎక్కే యోగం పట్టింది. విదేశంలో ఉన్న చెల్లెలు ఈ వయసులో సొంతంగా కుట్టుపని కొట్టు పెట్టుకుంది. “మా అన్నయ్య రాస్తేనే బోర్డు, లేకపోతే బోర్డే వద్దు” అని భీష్మించి, గుమ్మం పైన తెల్లరంగు పూసిన ఖాళీ బోర్డు తగిలించుకుని కూర్చుంది. నలతగారికి చెల్లెలంటే ప్రాణం. ఆ కొట్టు పేరు ఏ వంపుతో రాయాలో ఇంట్లో గోడలన్నిటి మీదా సుద్దతో రాసి చూసుకున్నాడు. ఇక మిగిలింది ప్రయాణానికి వైద్య బీమా. ఆ దేశంలో జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడుకుంటే లేచేసరికి ఇల్లు అమ్ముకోవాలని అంతా భయపెట్టారు.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. ఏడాదిగా నలతగారు నిచ్చెన నాలుగు మెట్లు ఎక్కేసరికి గుండెల మీద ఎవరో నిండు రంగు డబ్బా పెట్టినట్టు ఉంటోంది. ఎడమ చెయ్యి లాగుతుంది. కాసేపు ఆగితే తగ్గిపోతుంది. మోకాలి చరిత్ర దారినపోయేవాళ్ళకి వినిపించే మనిషి, దీని గురించి మాత్రం ఒక్కరి దగ్గరా నోరు విప్పలేదు. దానికి బదులు బోర్డుల్నే కిందికి దించేశాడు. “జనం తలెత్తి చూసే రోజులు పోయాయండీ. అందరూ ఫోన్లోకి తలొంచుకునే నడుస్తున్నారు. అక్షరాలు నడుం ఎత్తున ఉంటేనే కంటబడతాయి” అని కొట్లవాళ్ళకి నచ్చజెప్పేవాడు. చెప్పులకొట్టు యజమాని అయితే, ఇన్నాళ్ళూ ఈ ఆలోచన తనకెందుకు రాలేదా అని తెగ బాధపడ్డాడు.

బీమా కంపెనీ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నలతగారు ముందుగదిలో బ్రష్షులు కడుగుతున్నాడు. చేతులకి రంగు ఉందని ఫోన్ స్పీకర్లో పెట్టి స్టూలు మీద ఉంచాడు. పక్కనే భార్య ప్రయాణం చొక్కాకి గుండీలు కుడుతోంది.

“సార్, మీకు ముందు నుంచీ ఉన్న జబ్బులన్నీ చెప్పండి. ఏదీ దాచకండి.”

నలతగారి జన్మ ధన్యమైంది. ఇన్నేళ్ళకి వినే నాథుడు దొరికాడు! మడమతో మొదలెట్టాడు. ఆ అమ్మాయి టకటకా రాసుకుంటోంది. నడుం దగ్గర కూడా పారిపోలేదు. పైగా “ఇంకేమైనా ఉందా సార్?” అంటోంది. ఎంత పెంపకమమ్మా నీది అనుకుని, చిన్నప్పటి గవదబిళ్ళలు కూడా తవ్వి తీశాడు.

“గుండెకి సంబంధించి ఏమైనా?”

నలతగారు కడిగిన బ్రష్షునే మళ్ళీ కడిగాడు. ఉందంటే డాక్టరంటారు, పరీక్షలంటారు, ప్రయాణం ఆగిపోతుంది. చెల్లెలి బోర్డు ఖాళీగానే ఉండిపోతుంది. అదొక్కటే అయితే సర్దుకునేవాడేమో. అసలు సంగతి, ఆయనకి భయం. మోకాలి నొప్పి గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు, దానివల్ల ఎవరూ చచ్చిపోరు.

“ఏం లేదు” అన్నాడు.

భార్య సూది ఆగింది. చొక్కా పక్కన పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

“ఉందమ్మా, రాసుకో.”

“ఏమే, మధ్యలో నీకెందుకు?”

“నాకు కాకపోతే ఇంకెవరికి? చూడమ్మా, గోరు విరిగితే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పే మనిషి ఈయన. పెళ్ళయినప్పటి నుంచీ ఈయన నోట ‘ఏం లేదు’ అన్న మాటే నేను వినలేదు. ఏడాదిగా మెట్లెక్కి వచ్చి గుండె పట్టుకుని నిలబడతారు. ఏమైందంటే ‘ఏం లేదు’. బజారులోకెళ్తే బోర్డులన్నీ ఒక్కోటీ కిందికి దిగుతున్నాయి. నాకు కళ్ళు లేవనుకున్నారు.”

నలతగారి చేతిలో బ్రష్షు నీళ్ళు నేల మీద కారిపోతున్నాయి. “తెలిస్తే ఇన్నాళ్ళూ అడగలేదేం?” అన్నాడు మెల్లగా.

“అన్నీ చెప్పే మనిషి, ఇదీ చెబుతారులే అని చూశాను” అంది. ఫోన్ తిరిగి స్టూలు మీద పెట్టేసింది.

ఫోన్లోంచి ఆ అమ్మాయి అందుకుంది. “మంచిపని చేశారు మేడం. దాచి వెళ్ళాక అక్కడేమైనా అయితే కంపెనీ పైసా ఇచ్చేది కాదు. డాక్టరుకి చూపించి రిపోర్టులు పంపండి, అప్పుడు చూద్దాం.”

గుండెకి వెళ్ళే రక్తనాళం ఒకటి సన్నబడిందన్నారు డాక్టర్లు. నలతగారిని బుజ్జగించి, బెదిరించి, భార్య దాన్ని సరిచేయించింది. ప్రయాణం వెనక్కి పోయింది. చెల్లెలు ఫోన్లో కాసేపు ఏడ్చి, ఆ తర్వాత నవ్వింది. “నువ్వు నిదానంగా రా అన్నయ్యా. ఇక్కడ నా కొట్టుకి ఖాళీ బోర్డు కొట్టు అని పేరొచ్చేసింది, గిరాకీ బాగుంది” అంది. నెలలు గడిచాక డాక్టరు సరేనన్నాడు, బీమా కూడా వచ్చింది, గుండెతో సహా.

నలతగారు వెళ్ళేసరికి చెల్లెలు బోర్డు కిందికి దించి రెండు కుర్చీల మీద పడుకోబెట్టి ఉంచింది. నిచ్చెన మాటెత్తితే వదినకి ఫోన్ చేస్తానంది. ఆయన స్టూలు మీద కూర్చుని తీరిగ్గా రాశాడు. చివరి అక్షరం తడి ఆరకముందే ఇంటికి ఫోన్ చేశాడు.

“ఎలా ఉన్నారు?” అంది భార్య.

“ఏం చెప్పమంటావు, ఒంట్లో కాస్త నలతగా ఉంది. విమానంలో మెడ పట్టేసింది. మోకాలు సరేసరి. నడుమైతే స్టూలు మీద కూర్చుని కూర్చుని నా మాటే వినడం లేదు. చెవిలో హోరు ఎడమ నుంచి కుడికి మారింది...”

నడుం దాటినా అవతల వంటింట్లోకి జారుకున్న చప్పుడు కాలేదు.

“ఇంకేమైనా ఉందా?” అంది.

“ఇంతకంటే ఏముండాలే?”

“హమ్మయ్య” అంది ఆమె. “బాగున్నారన్నమాట.”