క్యాలెండర్ కాగితం మీద నాలుగో వరస

మా అక్క పోయిందని నాకు చెప్పింది కాటా గుమాస్తా. పోయిన వారం పొద్దున ఫ్యాక్టరీ గేట్లోకి బండి తిప్పతా ఉంటే చెయ్యెత్తి ఆపి, "అన్నా, మన అక్క లేదంట. రాత్రి గుండె నొప్పంటే ఆసుపత్రికి తీసకపోతా ఉండంగానే దోవలో పోయిందంట" అన్నాడు. దానికి నేనన్న మాటేందో తెలుసునా? "సరే, బండి పెట్టొస్తా" అన్నాను. బండి పెట్టినాక హెల్మెట్ కూడా తియ్యకుండా బండ్ల షెడ్డులోనే నిలబడిపోయినాను. ముందు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. ఇన్నేళ్లు లోపల దాచుకున్న ఆ మాట చెప్పుకునేదానికి ఇంక మనిషే లేదే అని.

అక్కంటే తోడబుట్టింది కాదు. చిత్తూరు పక్కన మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సర్వరు, అంటే రిపోర్టులన్నీ దాచే పెద్ద కంప్యూటరు, చూసుకునే ఆమె. ఊరు పుత్తూరు. టైపిస్టుగా చేరిందంట. సర్వరు పెట్టిపోయిన కంపెనీవాడు మల్లా ఈ పక్క తిరిగి చూడకపోతే, వాడు వదిలిపోయిన ప్రింటు కాగితాలు ముందర పెట్టుకోని, ఒక్కో కమాండు కొట్టి చూసి, దాన్ని నడిపే లినక్సు నేర్చుకుంది. నేను సత్యవేడు నుంచి సర్టిఫికెట్ల కట్ట పట్టుకోని అసిస్టెంటుగా చేరేటప్పటికి ఆమెకు అంతా కొట్టినపిండి. నాకు మాత్రం, డిగ్రీ లేని మనిషి కింద పని చెయ్యాల్నా అని లోపల ఒక పొగరు. ఇప్పుడు రాస్తా ఉంటే సిగ్గుగా ఉండాది.

సీజన్లో ఆ సర్వరు రూములోకి కూడా గుజ్జు వాసన వస్తుంది, దాని ఎనకాలే చిన్న చిన్న ఈగలు. అక్క గోడ క్యాలెండర్లో ముందురోజు కాగితం చింపి, దాంతో స్క్రీను మీది ఈగల్ని తోలి, అదే కాగితం వెనకపక్క లెక్క రాస్తా ఉండె. నవ్వొస్తుంది గానీ, మా సర్వరు బతుకంతా ఆ కాగితాల మీదే నడిచింది.

డిస్కు గోల తెలియని వాళ్లకు నాలుగు మాటల్లో చెప్తాను. సర్వర్లో ఉండే పెద్ద డిస్కును ముక్కలు చేసి వాడతాం. ఒక ముక్కలో సిస్టం, ఇంకో ముక్కలో ల్యాబు రిపోర్టులు. ఒక్కో ముక్క యాడ మొదలై యాడ ముగుస్తుందో చెప్పేదానికి మొదలు అంకె ఒకటి, చివర అంకె ఒకటి. ముక్క లోపల ఫైళ్లను సర్దిపెట్టే ఏర్పాటు వేరే, దాన్ని ఫైల్ సిస్టం అంటాం. పెద్దది చెయ్యాలంటే ముందు ముక్కను పెంచి, తర్వాత లోపలి ఏర్పాటును పెంచాల. చిన్నది చెయ్యాలంటే ఇదే తలకిందులవుతుంది. ముందు లోపలిది కుదించాల, ఆ తర్వాతే ముక్క కొయ్యాల. అక్క దీన్ని ట్రంకుపెట్టెతో చెప్తా ఉండె. "ముందు బట్టలు ఒక పక్కకు మడిచి పెట్టు అబ్బోడా, ఆమీట పెట్టె కొయ్యి. బట్టలుండంగానే రంపం పెడితే తెగేది పెట్టె కాదు, లోపలుండే పట్టుచీర."

డిస్కు తాకేముందు కాగితం మీద నాలుగు వరసలు రాసేది. మొదలు అంకె. ఇప్పుడుండే చివర. మార్చినాక చివర. నాలుగోది "చేసినోళ్లు". పని అయినాక, చేసిన మనిషి ఆ వరసలో పేరు రాసి, కాగితాన్ని సర్వరు బీరువా తలుపు లోపలపక్క టేపుతో అతికించాల. అంకెల్లో ఏడు వస్తే నడుమున అడ్డగీత పెట్టేది, ఎవురూ ఒకటనుకోకుండా. ఒకరు గట్టిగా చదవాల, ఇంకొకరు స్క్రీను చూసి ఊ కొట్టాల. "కన్ను మనకు కావాల్సింది చూస్తుంది, చెవి ఉండేదే వింటుంది" అనేది.

ఒక సీజన్లో లాగులు, అంటే సర్వరు తను చేసే ప్రతి పనినీ రాసుకునే చిట్టాలు, పడే జాగా నిండిపోయి సర్వరు నత్తనడక పట్టింది. ల్యాబు రిపోర్టుల ముక్క కొంచెం కోసి, లాగులకు వేరే ముక్క చెయ్యాలనుకున్నాం. అక్క శనివారమే కాగితం రాసి పెట్టింది. ఆ సాయంత్రమే వాళ్లమ్మ బాత్రూములో జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించేదానికి అక్క సెలవు పెట్టి పోతా, "సోమవారం ఇద్దరం కలిసి చేద్దాం. అంతవరకు నువ్వు తాకొద్దు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

నేను తాకినాను. ఆదివారం మధ్యాన్నం మేనేజరు సారు వచ్చి, "ఆమె లేకపోతే నీకేమీ రాదా అప్పా?" అన్నాడు. అదొక్క మాట చాలింది నాకు. ఊ కొట్టేదానికి మనిషి లేడు. లోపలిది కుదించాలంటే ముందు ఫైళ్లన్నీ తనిఖీ చెయ్యాల, దానికి శానా సేపు పడుతుంది. సారేమో తలుపుకాడ నిలబడి గడియారం చూసుకుంటా ఉండాడు. చివరంతా ఖాళీగానే ఉంటుందిలే అనుకుని, కుదించకుండానే ముక్క కోసేసినాను. మిగిలిన జాగాలో కొత్త ముక్క చేసి ఫార్మాటు కొట్టినాను. సర్వరు మల్లా లేచింది గానీ, ల్యాబు రిపోర్టుల ముక్క తెరుచుకోలేదు. ఏ డబ్బా ఏ లాటుదో, ఏది పరీక్షలో పాసయిందో, అంతా దాంట్లోనే ఉండాది.

ఫోను చేస్తే, కట్టు కట్టిన తల్లిని ఇంట్లో దించి అక్క బస్సెక్కి వచ్చేసింది. చెప్పులు బయట విడిచి, కూర్చోని, నేను చేసిన కొత్త ముక్కను తీసేసింది. కాగితం నా చేతికిచ్చి "చదువు" అనింది. నేను పాత చివర అంకె చదివినాను, ఆమె అది కీబోర్డు మీద కొట్టింది. ఆ తర్వాత ఫైళ్లు తనిఖీకి పెట్టింది. శానా వరకు తిరిగొచ్చినాయి. నా ఫార్మాటు పడిన చోటువి మాత్రం పోయినాయి. బ్యాకప్పు ముందు వారానిది ఉండె కాబట్టి, ఆ వారం కొత్తగా చేరిన రిపోర్టుల్లో సగం పోయినట్లు లెక్క. గోడౌన్లో వరస వరసలుగా పేర్చిన డబ్బాలు దించి, మల్లా తెరిచి పరీక్షలు చెయ్యాల్సి వచ్చింది. ఆడోళ్లు, మొగోళ్లు అందరూ నాలుగు రోజులు ఆ డబ్బాలు మోసినారు.

అసలు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు. అక్క బస్సులో ఉండంగా మేనేజరు సారు నన్ను నిలదీసినాడు. నేను చెప్పింది ఇది. "అక్క రాసిచ్చిన నెంబరే కొట్టినాను సార్. అదే తప్పేమో." ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట నోట్లో నుంచి. ఫైళ్లు లేచినాక ఆయన లోపలికొచ్చి నా ముందరే అడిగినాడు. "నెంబరు తప్పు రాసినావంట కదమ్మా?"

ఆ కాగితంలో అంకెలు తప్పయింటే, దాన్ని చూసి కొడితే ఫైళ్లు ఎట్ల లేస్తాయి? తప్పు అంకెది కాదు, కుదించకుండా కోసిన నాది. ఆ సంగతి ఆ రూములో ఇద్దరికే తెలుసు. అక్క నా పక్క ఒకసారి చూసింది. "అయ్యుండొచ్చు సార్" అనింది. అంతే. కాగితాన్ని తలుపుకు అతికించి, చెప్పులేసుకోని పుత్తూరు బస్సుకు పోయింది. "చేసినోళ్లు" పక్కన తన పేరు రాసుకోలేదు. నా పేరూ రాయలేదు.

ఆ వారంలోనే బీరువా తాళం నాకిచ్చినారు. అక్కను గేటుకాడ కాయల బండ్లు తూకమేసే కాటాలో చీటీలు కొట్టేదానికి పంపినారు. రిటైరయ్యేవరకు ఆడే ఉండె, ట్రాక్టర్ల దుమ్ములో. నేను టీకి పోయేటప్పుడల్లా, "డిస్కు ఎంత నిండింది అబ్బోడా? కాగితం రాస్తా ఉండావా?" అని అడిగేది. రాస్తా ఉండానక్కా అనేవాణ్ణి. అబద్ధం కాదు, రాస్తానే ఉండాను, మూడు వరసలు. నాలుగోది రాసేదానికి చెయ్యి రాక, దాన్నే తీసేసినాను. ఎందుకు ఒప్పుకున్నావక్కా అని ఒక్కసారన్నా అడిగింటే ఏం పోయేది? తప్పు నాదని రేపు చెప్దాం, సీజన్ అయినాక చెప్దాం, ఆమె రిటైరయ్యే రోజు చెప్దాం అనుకుంటా వచ్చినాను. ఆ రోజు దండేసి ఫోటో దిగి వచ్చేసినాను.

మొన్న పరామర్శకు పుత్తూరు పోయినాను. వాళ్లాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకోని, "నీ మాటే చెప్తా ఉండె అప్పా. మా అబ్బోడు తప్పు చెయ్యడు, కాగితం రాయకుండా డిస్కు తాకడు అని" అన్నాడు. ఆయన చెయ్యి నా చేతిలోనే ఉండాది. అప్పుడన్నా చెప్పాల్సింది. "టీ తాగినావా బావా?" అని అడిగినాను. ఛీ, ఏం మనిషిని.

తిరిగొచ్చినాక ఇప్పుడుండే మేనేజరు కాడికి పోయి అంతా చెప్పినాను. పాతాయన ఎప్పుడో మారిపోయినాడు. ఈయన అంతా విని, "ఏ సర్వరప్పా? ఆ పాతదా? ఇప్పుడెందుకులే" అని ఫోను చూసుకున్నాడు. చేతులు కట్టుకోని నిలబడినవాణ్ణి, తిట్టేవాడు కూడా లేక బయటికొచ్చినాను. అందుకే ఇది రాస్తా ఉండాను. బావా, నువ్వు చదువుతావని రాస్తా ఉండాను. ఆ రోజు తప్పు అక్కది కాదు. నాది.

ఆ పాత సర్వరు తీసేసి శానా కాలమైంది గానీ, బీరువా అదే, తలుపూ అదే. మేనేజరు రూములో నుంచి వచ్చినాక తాళం తీసినాను. కాగితం ఆడనే ఉండాది, టేపు పసుపుపచ్చ తిరిగి అంచులు లేచిపోయి. చదివేదానికి నోరు తెరిచి, ఊ కొట్టేదానికి ఎవురూ లేరని గుర్తొచ్చి, అయినా గట్టిగానే చదివినాను. మొదలు. చివర. మార్చినాక చివర. నాలుగో వరసకు వచ్చి జేబులో పెన్ను తీసినాను. టేపు జిడ్డుకు ఇంకు పట్టలేదు. రెండోసారి గట్టిగా ఒత్తితే నా పేరు పడింది, వంకరగా. దాని పైన అక్క అంకెలు, ఒక్కొక్క ఏడుకూ నడుమున అడ్డగీత.