గున్న మీద విసిరిన రాయి

నా చిన్నప్పుడు నాకు కోప్పడడం నేర్పింది మా మేనత్త, నాన్నకి అప్ప, అంటే అక్క. ఆవిడ ఒడిశాలోని రాయగడలో నర్సు. మా నాన్న జయపురంలో బడి మాస్టారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న, ఆయన స్నేహితులు ముగ్గురు జీపు మాట్లాడుకుని, అత్తనీ నన్నూ కూడా ఎక్కించుకుని ఏనుగుల అభయారణ్యం చూడ్డానికి బయల్దేరారు.

ఏనుగులు వాగు దగ్గర కనబడ్డాయి. ఐదు పెద్దవి, మధ్యలో ఒక గున్న. అన్నీ అటు తిరిగి నీళ్లు తాగుతున్నాయి. కెమెరా తెచ్చినాయనకి వాటి మొహాలు కావాలట. నాన్న కిందికి వంగి ఒక రాయి ఏరి నా చేతిలో పెట్టాడు.

"ఎయ్యమ్మీ, ఇటు తిరుగుతాయి."

అత్త వద్దని అరిచేలోగా విసిరేశాను. రాయి గున్న చెవి పక్కన తగిలింది. అది కీచుమని అరిచింది. తల్లి గిర్రున తిరిగి మా మీదికి వచ్చింది. డ్రైవరు జీపును వెనక్కి లాగేశాడు. మంద మొత్తం బెదిరి, వాగు దాటి, అవతలున్న చోడి (రాగి) చేను తొక్కుకుంటూ అడవిలోకి పోయింది. భయం తీరగానే మగవాళ్లంతా పగలబడి నవ్వారు.

తిరుగుదారిలో వాగు దాటి ఆ చేను పక్కకి రాగానే అత్త జీపు ఆపించింది. కోతకొచ్చిన ఆ చేను గట్టున ఒక కోందు గిరిజన ముసలమ్మ విరిగిన కంకులు చూస్తూ నిలబడి ఉంది. నాన్న దిగలేదు.

"ఏనుగులు రోజూ వస్తాయి కదప్పా. మనవల్లేనని ఎవులికి తెలుస్తాది? ఎక్కు, ఎల్దాం."

"నీకు తెలుసు కదరా! దీనికి తెలుసు కదరా!" అత్త నా రెక్క పట్టుకుని ఊగిపోతోంది. "మాస్టారువట, మాస్టారు! కన్నకూతురికి ఏటి నేర్పుతున్నావురా? ఎల్లిపో. మేం బస్సెక్కి వస్తాం."

జీపు నిజంగానే వెళ్లిపోయింది.

రాయి విసిరింది నేనేనని అత్త నా నోటితోనే చెప్పించింది, నాకొచ్చిన ఒడియాలో. ముసలమ్మ తన భాషలో మమ్మల్ని చాలాసేపు తిట్టింది. తర్వాత అత్త చేతికి కొడవలి ఇచ్చింది. పొద్దు వాలేదాకా బురదలో పడ్డ కంకులు కోసి ఏరాం. నా వేళ్లు కోసుకుపోయాయి. ముసలమ్మ మమ్మల్ని క్షమించలేదు. క్షమించమని అత్త అడగనూ లేదు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన మీద నాకు ప్రేమ ఉంది, ఆ కోపమూ అలాగే ఉంది. పసివాళ్ల చేత తప్పు చేయించి పెద్దలు నవ్వుతుంటే ఈ వయసులోనూ లేచి అరుస్తాను. నా వల్ల పాడైన చోటికి, ఎవరూ చూడకపోయినా, తిట్లు తినడానికి నేనే నడిచి వెళ్తాను.