రెండు చోట్ల ఒకే పట్టిక

2022 వానాకాలం. మొయినాబాద్‌లోని ఒక చిన్న వ్యవసాయ పరిశోధన జర్నల్‌లో నేను అసిస్టెంట్ ఎడిటర్‌ని. వచ్చిన పేపర్లు చూడటం, రివ్యూకు పంపడం, అచ్చుకు సిద్ధం చేయడం నా పని. అప్పటికే ఆ కుర్చీలో పదకొండేళ్లు గడిచాయి.

ఆ సంచికలో మొదటి పేపర్ స్రవంతిది. చేవెళ్ల అమ్మాయి, పీహెచ్‌డీ చేస్తోంది. టమాట సాళ్ల మీద ప్లాస్టిక్ షీటు పరిస్తే నీళ్లు ఎంత మిగులుతాయో రైతుల పొలాల్లో కొలిచి రాసింది. రివ్యూ చేసినవాళ్లు మెచ్చుకున్నారు. మరో వారంలో ప్రింటుకు పోవాలి.

ఆ ఆదివారం కూరగాయల కోసం మొయినాబాద్ పక్కనే ఉన్న హిమాయత్‌నగర్ ఊళ్లో యాదమ్మ అనే రైతు ఇంటికి వెళ్లాను. మాటల్లో నా పని సంగతి వచ్చింది.

"నా చేను గూడ పుస్తకంల పడ్డది బిడ్డా, జర చూడు" అని లోపలి నుంచి ప్లాస్టిక్ కవర్లో దాచిన కాగితాలు తెచ్చింది.

"ఎవరిచ్చిండ్రు అవ్వా?"

"గా స్రవంతి మేడమే. అచ్చయినంక ఇంటింటికి వచ్చి ఇచ్చిపోయింది. గట్ల ఎవలిస్తరు?"

అది ఏడాది కిందట జరిగిన ఒక సదస్సు పుస్తకంలోని పేపర్. మేం వేయబోతున్న రెండు పట్టికలు అంకె తేడా లేకుండా అందులో ఉన్నాయి.

మా పనిలో దీన్ని డూప్లికేట్ పబ్లికేషన్ అంటారు. అంటే ఒకసారి అచ్చయిన ఫలితాన్ని, ఆ సంగతి చెప్పకుండా, కొత్తదిగా మళ్లీ వేయడం. చదివేవాళ్లు అవి రెండు ప్రయోగాలనుకుంటారు. ఒకే చేను రెండు చేలుగా లెక్కలోకి వెళ్తుంది. సదస్సులో చిన్న సారాంశం వస్తే మాకు ఇబ్బంది లేదు. పట్టికలతో సహా వస్తే మాత్రం ముందే చెప్పాలి. స్రవంతి వాక్యాలన్నీ కొత్తగా రాసింది, ఆ పుస్తకం ఇంటర్నెట్‌లో లేదు, అందుకే కాపీని గుర్తించే మా సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. అచ్చయ్యాక బయటపడితే రిట్రాక్షన్ తప్పదు. పేపర్‌ను అందరికీ తెలిసేలా వెనక్కి తీసుకోవడమన్నమాట. ఆ మచ్చ ఆమె పేరు మీద ఎప్పటికీ ఉండిపోతుంది.

సోమవారం పొద్దున స్రవంతికి ఫోన్ చేసి ఆ పుస్తకం సంగతి అడిగాను.

"సదస్సు పుస్తకం గూడ లెక్కకొస్తదా సార్? నాకు నిజంగ తెల్వదు. దాచాలనుకుంటే రైతులకెందుకు పంచుత?" అంది స్రవంతి. "నెలాఖరుకు థీసిస్ ఇయ్యాలె. ఈ పేపర్ లేకుంటే తీసుకోరు సార్."

మా ఎడిటర్‌తో మాట్లాడి చెబుతానని ఫోన్ పెట్టేశాను.

మా ఎడిటర్ రిటైరైన ప్రొఫెసర్. విషయం చెబితే, పేపర్‌తో పాటు స్రవంతి సంతకం చేసి పంపిన ఫారం తెప్పించుకుని చూశారు. "ఇంతకు ముందు ప్రచురితం కాలేదు అన్న దగ్గర టిక్ పెట్టింది. అంటే ఏందో మనం ఎప్పుడన్న చెప్పినమా?" అని అడిగారు.

చెప్పలేదు. పదకొండేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

ఆ సంచికలో పేపర్ ఆపేశాం. ఇందులో మోసం లేదనీ, కొంత సమయం ఇవ్వమనీ ఎడిటర్ స్వయంగా యూనివర్సిటీకి ఉత్తరం రాశారు. ఆరు నెలల గడువు దొరికింది. స్రవంతి అవే పొలాల్లో ఇంకో పంట కాలం కొలతలు తీసింది. పాత ఫలితాలు ఎక్కడ అచ్చయ్యాయో మొదటి పేజీలోనే రాసి, కొత్తవాటిని విడిగా చూపించింది. గడువులోపే పేపర్ తీసుకుంటున్నట్టు ఉత్తరం ఇచ్చాం.

ఆ ఉత్తరం కోసం ఆఫీసుకు వచ్చినప్పుడు, "ఆపినందుకు థాంక్స్ సార్. అచ్చయినంక తెలిస్తే నా గతి ఏమయ్యేది?" అంది.

నిజానికి నేను దణ్ణం పెట్టాల్సింది యాదమ్మకు. ఆవిడ ఆ కాగితాలు చూపించకపోతే, ఒక నిజాయితీపరురాలి పేరు నా చేతుల మీదుగానే చెడిపోయేది.

ఇప్పుడు ఏ పేపర్ వచ్చినా రివ్యూకు పంపేముందు రాసినవాళ్లకు ఫోన్ చేస్తాను. "ఈ పట్టికలు ఇంకెక్కడన్న వచ్చినయా? ఎంత చిన్న పుస్తకమైనా చెప్పుండ్రి" అంటాను. చాలామంది, "ఒక దగ్గర వచ్చింది సార్, చెప్పాల్నా వద్దా అనుకుంటున్న" అంటారు. దాచాలని చూసేవాళ్లు నాకు తక్కువగా తగిలారు. ఎవరూ అడగక చెప్పనివాళ్లే ఎక్కువ.