చిన్నయ్య చింపని తువ్వాలు

చిన్నయ్య భుజాన తువ్వాలు లేదని మొదట గమనించింది మా అత్తగారు. "మాడు పగిలే ఎండరా, నెత్తిన ఏదైనా వేసుకో" అంటే, "అలవాటు తప్పిందమ్మా" అన్నాడట. రోజంతా చెట్ల మీద ఉండే మనిషికి తువ్వాలు అలవాటు తప్పడమేమిటో మాకెవరికీ అంతుపట్టలేదు.

మాది నూజివీడు. మావారిది మామిడి వ్యాపారం. రెడ్డిగూడెం వైపు తోటలు పూత మీదే మాట్లాడుకుని, కాయ దిగాక కోయించి లారీలకెత్తిస్తారు. ఆ కోతలకు చిన్నయ్యే పెద్ద. తోటలోకి దిగగానే, కొసన కాయలు పట్టే వలసంచి ఉన్న చిక్కం కర్ర పట్టుకుని ప్రతి చెట్టు చుట్టూ తిరిగేవాడు. కర్ర మొదలుతో కొమ్మల్ని తట్టి వినేవాడు. పురుగు తొలిచిన కొమ్మ పైకి పచ్చగానే ఉంటుంది, కాయ కూడా కాస్తుంది. తడితే మాత్రం డొల్లగా పలుకుతుంది. అలాంటి కొమ్మకు చిన్నయ్య ఒక గుడ్డపేలిక కట్టేవాడు. పేలిక కనబడితే ఇక ఎవరూ దాని మీద కాలు పెట్టరు. ఆ కొమ్మ కాయలు కింద నుంచి చిక్కానికి అందినన్ని అందుతాయి, మిగిలినవి చిలకల పాలు.

ఎనభై నాలుగు వేసవిలో జోజిబాబు చెట్టు మీద నుంచి పడిపోయాడు. చిన్నయ్య దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడు. "బాబాయ్, బాబాయ్" అంటూ వెనకాలే తిరిగేవాడు. రసాల చెట్టు మీద కొమ్మ విరిగింది. విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. భార్య సవరమ్మ మా ఇంట్లో కాయలు ఏరడానికీ, పచ్చళ్ల పనికీ వస్తుండేది. పెళ్లయి ఎక్కువ కాలం కూడా కాలేదు.

మావారు చెయ్యవలసింది చేశారు. ఊళ్లోవాళ్లు అనవలసింది అన్నారు. "వాడి ఆయుష్షు అంతే. నువ్వేం చేస్తావు చిన్నయ్యా, నువ్వు పక్క చెట్టు దగ్గర ఉన్నావు కదా."

అప్పటికి మా అమ్మాయి శారద పోయి కొన్ని నెలలే అయింది. కామెర్లు. పదో తరగతికి వస్తుందనుకున్న పిల్ల. నన్ను చూడడానికి వచ్చినవాళ్లు కూడా నొప్పించాలని కాదు గానీ, "పూర్వజన్మలో ఏం చేసుకున్నావో తల్లీ" అనేవారు. ఏం చేశానో ఎవరైనా చెబితే బాగుండునని నాకు ఉండేది. ఎవరూ చెప్పలేదు.

ఆ వానాకాలం నుంచి చిన్నయ్య ఆదివారాలు సలోమోను పాస్టరు గారి ప్రార్థనకు పోవడం మొదలుపెట్టాడు. మావారికి అది వేళాకోళమైంది.

"ఏరా చిన్నయ్యా, పాలపొడి డబ్బా ఏమైనా ఇస్తున్నారా అక్కడ?"

"లేదండీ. తిట్లు పెడుతున్నారు."

"తిట్ల కోసం అంత దూరం పోవాలా? నా దగ్గర తక్కువయ్యాయా?"

"మీరు నన్నొక్కణ్ణే తిడతారండీ. అక్కడ అందరినీ కలిపి తిడతారు."

మావారు పకపకా నవ్వి లోపలికి వెళ్లారు. నాకు ఆ మాట పట్టుకుంది. పెరట్లో మజ్జిగ పోస్తూ అడిగాను. "పాపివి అని మొహం మీదే అంటే నీకు బాధగా ఉండదా?"

"ముందు పాస్టరు గారే అంటారమ్మా, నేను పాపినని. తర్వాత పంచె కట్టుకొచ్చిన మేష్టారూ అంటారు. ఆ తర్వాత నేను. అందరూ అన్నాక ఇంక సిగ్గేముంది?" గ్లాసు కింద పెట్టాడు. "బాధంటారా, బాధ ఇక్కడ ఉందమ్మా. ఊరంతా నీ తప్పేం లేదంటున్నారు. కాల్లో ముల్లు దిగినోడికి ముల్లే లేదంటే నొప్పి పోద్దా? ఉందన్నోడే కదా తీస్తాడు."

"నీకు ఏ ముల్లు దిగింది?"

అప్పుడు చెప్పాడు. ఆ కొమ్మను పొద్దున్నే తట్టాడు. డొల్లగా పలికింది. సంచిలో పేలికలు అయిపోయాయి. భుజాన ఎర్రంచు తువ్వాలు ఉంది. ఉగాదికి కూతురు తెచ్చిన కొత్తది. అంచు చింపితే చాలు. చింపబుద్ధి కాలేదు. మధ్యాహ్నం గుడిసెలో పాత గుడ్డ దొరక్కపోదు, అప్పుడు కడదాంలే అనుకుని పక్క చెట్టుకు పోయాడు. జోజిబాబు వచ్చి, కొమ్మకు పేలిక లేదు కదాని ధీమాగా కాలు పెట్టాడు.

"నేను తొయ్యలేదమ్మా. ఎక్కమనీ అనలేదు. అయినా ఆడు నా గుడ్డను నమ్మి ఎక్కాడు."

ఖాళీ గ్లాసులో మళ్లీ మజ్జిగ పోశాను. అతనే అన్నాడు: "ఆ సిలువ మాను మీదికి ఆయన తెలిసి తెలిసి ఎక్కాడంట, నాలాంటోళ్ల తప్పు నెత్తినేసుకుని. జోజిగాడు తెలియక ఎక్కాడు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు పాస్టరు గారు నా సంగతే చెబుతున్నారేమో, ఎవరు చెప్పారో అని భయపడ్డాను."

"ఇదంతా సవరమ్మకు తెలుసా?"

"తెలీదు. బాప్తిస్మం ఇస్తానంటున్నారు పాస్టరు గారు. నేనే ఆగండన్నాను. ఆ పిల్లకు చెప్పకుండా నీళ్లలో మునిగితే ఒళ్లు తడుస్తుంది, అంతేగా."

అతను వెళ్లాక చాలాసేపు నూతి గట్టు దగ్గరే కూర్చున్నాను. అతని పాపం ఏదో అతనికి తెలుసు. ఏ రోజు చేశాడో, ఏ చెట్టు కింద చేశాడో తెలుసు. చెప్పుకోవలసిన మనిషి ఎవరో కూడా తెలుసు. చిన్నయ్యను చూసి అసూయపడతానని నేనెప్పుడూ అనుకోలేదు.

చెప్పడానికి అతనికి మళ్లీ కాయ దిగేదాకా పట్టింది. మరుసటి ఏడు మా ఇంట్లో ఆవకాయ పెడుతున్నాం. సవరమ్మ కత్తి ముందు కూర్చుని ముక్కలు కొడుతోంది, నేను జీడి తీసి పొడిగుడ్డతో తుడుస్తున్నాను. చిన్నయ్య పచ్చికాయల బుట్ట దింపి, వెళ్లకుండా నిలబడ్డాడు.

"సవరమ్మా, నీకో మాట చెప్పాలి."

"చెప్పు మావయ్యా."

నాకు చెప్పినట్టే చెప్పాడు. ఒక్క ముక్క తగ్గించలేదు. ఆమె కత్తి ఆగిపోయింది. తల మాత్రం ఎత్తలేదు.

"ఆ తువ్వాలు ఇప్పుడేదీ?"

"ఇంట్లో వంకె కొయ్యకుంది. మళ్లీ వేసుకోలేదు."

"అయితే ఇంకా కొత్తదేనన్నమాట."

"కొత్తదే."

"బాగుంది మావయ్యా. నా మొగుడు మట్టిలో ఉన్నాడు, నీ తువ్వాలు మాపు లేకుండా ఉంది."

చిన్నయ్య చేతులు కట్టుకుని, "క్షమించమని..." అంటుంటే ఆమె అడ్డుపడింది.

"అడగమాక. ఇప్పుడడిగితే లేదంటాను. దేవుడు క్షమించాడేమో ఆయన్నే అడుక్కో. నేను దేవుణ్ణి కాను."

అతను వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ కత్తి పట్టుకుంది. సాయంత్రం దాకా కొడుతూనే ఉంది. ఆ ఏటి ఆవకాయలో ముక్కలన్నీ చిట్టిచిట్టిగా పడ్డాయని మా అత్తగారు ఏడాదంతా సణుగుతూనే ఉన్నారు.

చిన్నయ్య కోతల పెద్దరికం వదిలేశాడు. ప్రార్థనకు పోవడం మాత్రం మానలేదు. సవరమ్మ పోయేదీ అక్కడికే. బాప్తిస్మమూ తీసుకోలేదు. కార్తీకంలో ఒకరోజు సవరమ్మ మా బియ్యంలో రాళ్లు ఏరుతూ, అడక్కుండానే ఆ సంగతి ఎత్తింది.

"ప్రార్థనలో ఒక మాట ఉంటుందమ్మగారూ. మా తప్పులు మన్నించు అని అడిగి, వెంటనే మేము కూడా ఎదుటివాళ్లను మన్నిస్తున్నామని చెప్పాలి. అడిగేది నోరారా అడుగుతాను. ఆ రెండోది వచ్చేసరికి నాకు దగ్గొస్తుంది. మావయ్య అవతల మగాళ్ల వైపు కూర్చుంటాడు. నావంక చూడడు. కానీ వింటాడు."

"మరేం చేస్తావే?"

"ఏం చేస్తానండీ? ఎన్నాళ్లని దగ్గుతాను?" అని తనే నవ్వింది. నవ్వి కళ్లు తుడుచుకుంది. "నేనేమన్నా తక్కువదాన్నా? పడిపోయిన రోజు పొద్దున మా ఆయన కూర వాసనొస్తోందంటే, తిను, లేకపోతే పొమ్మన్నాను. తినకుండానే పోయాడు. అది నేనెవరికి చెప్పుకోను? ఆదివారం పూట అక్కడే చెప్పుకుంటున్నాను."

ఆ మాఘమాసంలో మా ఆడపడుచు గారు పేరంటానికి వచ్చి, శారద ఫోటో చూసి, మళ్లీ పూర్వజన్మ సంగతెత్తారు. "నాకు గుర్తు లేని పాపం నాకంటగట్టకండి వదినా" అన్నాను. ఆ ఇంట్లో నేను ఎదురు మాట్లాడింది అదే మొదలు. నా దేవుళ్లను నేనేమీ మార్చుకోలేదు. దీపం పెట్టుకుంటూనే ఉన్నాను. కాకపోతే దీపం దగ్గర ఇప్పుడు ఏడవగలుగుతున్నాను.

ఎనభై ఆరులో తొలి కోతలప్పుడు మావారు చిన్నయ్యను పిలిపించారు. కొత్తవాళ్లు చెట్టు చూడ్డం రాక కాయంతా దెబ్బ తీస్తున్నారని ఆయన గోల. చిన్నయ్య అరుగు చివర కూర్చుని, "నావల్ల కాదండయ్యా, ఇంకెవరినైనా చూసుకోండి" అంటున్నాడు. లోపల కాయలేరుతున్న సవరమ్మ లేచి, తన సంచిలోంచి ఒక మూట తీసుకుని బయటికొచ్చింది. మూట అతని ఒళ్లో పడేసింది. నీలం గళ్ల లుంగీ, సన్నటి పేలికలుగా చింపి ఉంది.

"ఆయనదే. ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడుతుంటే నాకూ నిద్ర పట్టడం లేదు" అంది. "తోటకు పో మావయ్యా. పేలికలు అయిపోయాయని ఇంకెప్పుడూ అనమాక."

చిన్నయ్య మూట రెండు చేతులా పట్టుకున్నాడు. "అయితే ఆ మాట..."

"పోయిన ఆదివారం దగ్గలేదు. నువ్వు వినలేదా?"

"విన్నాను. నిజమో కాదోనని..."

"నాకూ తెలీదు. అన్నాను. అంటూ ఉంటే నిజమవుద్దేమో చూద్దాం." మళ్లీ వచ్చి కాయల దగ్గర కూర్చుంది.

ఆ నెలలోనే పాస్టరు గారు చిన్నయ్యకు చెరువులో బాప్తిస్మం ఇచ్చారు. నేను వెళ్లలేదు. సవరమ్మ వెళ్లింది.

కోతల్లో ఒకరోజు మావారితో కలిసి నేనూ రెడ్డిగూడెం తోటకు వెళ్లాను. శారద పోయాక తోట మొహం చూడడం అదే. చిన్నయ్య చెట్టు చుట్టూ తిరుగుతూ కొమ్మలు తడుతున్నాడు. నెత్తిన ఏమీ లేదు.

"ఆ కొమ్మ నిండా కాయ ఉందిరా, దానికీ కట్టావా?" అన్నారు మావారు.

"ఉంటే ఉండనీండయ్యా."

నేను దగ్గరికెళ్లి చూశాను. అది నీలం గళ్ల పేలిక కాదు. తెల్లగుడ్డ, ఎర్రంచు.