ఇరవై ఆరుకు దించిందెవరు?

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. కోరుట్లలో మాది బట్టల దుకాణం. బట్టను వేళ్ల మధ్య నలిపి చూడనిదే నమ్మని ఇంట్లో పెరిగాను. అందుకే ఈ సంగతి పదిమందిలో చెప్పాలంటే నాకే సిగ్గు.

తెలంగాణ ఉద్యమం చివరి చలికాలంలో నాకు కూతురు పుట్టింది. నెల ముందే పుట్టింది, పిడికెడంత. గదిలో వేడి ఇరవై ఆరు డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలని, ఎక్కువైనా తక్కువైనా పిల్లకు ప్రమాదమని డాక్టర్ చెప్పాడు.

జగిత్యాలలో ఖలీల్ భాయ్ దగ్గర దానికో యంత్రం దొరికింది. ఆయన దుబాయ్‌లో పదేళ్లు కరెంటు పని చేసి వచ్చినవాడు. థర్మోస్టాట్ అన్నాడు. గోడకు బిగించి, హీటర్‌కు కలిపి, ఇంటర్నెట్ ఇస్తే చాలు, ఎక్కడి నుంచైనా ఫోన్‌లో గది వేడి పెంచొచ్చు, తగ్గించొచ్చు. గంటన్నర బేరం చేశాను. ధర దిగలేదు. చివరికి ఏడాదిపాటు ఊరికే చూసుకోవాలని ఒప్పించి, అందుకోసం పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంచాను.

"పాస్‌వర్డ్ అంటే ఇంటి తాళంచెవి సేట్. నాకెందుకు?" అన్నాడాయన. ఫుకట్‌గా వచ్చిన సేవను వదులుకోబుద్ధి కాలేదు.

మా ఆవిడ లావణ్యకు ఇది నచ్చలేదు. "బయటోని చేతిల మన గది పెడితిమి. నాకు నిద్ర ఎట్ల పట్టాలె?" అని రోజూ అదే మాట.

ఆమె పోరు పడలేక, ఒకనాడు పొద్దున సరుకు కోసం సిరిసిల్లకు పోతూ బస్సులో పాస్‌వర్డ్ మార్చేశాను. పాపకు పెట్టాలని మనసులో అనుకున్న పేరే కొత్త పాస్‌వర్డ్. ఆ పేరు లావణ్యకు కూడా చెప్పలేదు. పాపను తొట్టెలలో వేసి పేరు పెట్టే తొట్టెల నాడు అందరి ముందు చెప్పి మెప్పు పొందాలని నా ఆశ.

సిరిసిల్లలో మాకు బట్ట అమ్మే రాజేశం దుకాణంలో కూర్చుని ఆ యంత్రం గురించి గొప్పలు పోయాను.

"గీడ కూసోని కోరుట్లల గది కాగవెడ్తవా? చూపియ్యరాదు జర," అన్నాడు రాజేశం.

చూపించాను. ఇరవై ఆరును ముప్పై ఎనిమిది చేశాను. అతను నోరు తెరిస్తే చూసి, వెంటనే దించుదామని.

అంతలో ఫోన్‌లో సిగ్నల్ పోయింది. బయట నినాదాలు. బంద్ అన్నారు, షట్టర్లు దిగాయి. ఎవరి ఫోనూ కలవడం లేదు.

ఇంట్లో సంగతి నాకు తెలుసు. బాలింత గది, కిటికీలు మూసే ఉంటాయి. లావణ్య మధ్యాహ్నం మందు వేసుకుని పడుకుంటుంది. వేడిగా ఉన్నా బాలింత గది అట్లనే ఉండాలంటారు, ఎవరూ అనుమానపడరు. మా అమ్మ పొద్దున్నే రోడ్డు మీద వండి నిరసన తెలిపే వంటావార్పుకు పోయింది. పైగా అమ్మ గెలుకుతుందని థర్మోస్టాట్ డబ్బా మీది మీటలు పనిచేయకుండా నేనే బంద్ చేసి ఉంచాను.

రాజేశం బండి తీసుకుని బయలుదేరాను. కథలాపూర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, అన్నం గుండిగలు. నా బేరాల తెలివంతా అక్కడ పనికిరాలేదు. పసిపిల్ల అని మాత్రం అనగలిగాను. గరిటె పట్టుకున్న ఒక పెద్దమ్మ లేచి, "జరుగుండ్రి, తొవ్వ ఇయ్యుండ్రి. పో బిడ్డా, పో," అన్నది.

ఇల్లు చేరేసరికి నేను వేడి పెంచి రెండు గంటలు దాటింది. తలుపు తోశాను. గది గోరువెచ్చగా ఉంది. డబ్బా మీద ఇరవై ఆరు. పాప పిడికిలి చీకుతూ పడుకుంది.

లావణ్య కళ్లు తెరిచి, "ఏమైంది? ముఖం గట్లున్నది?" అన్నది. తను మంచం దిగలేదట. కరెంటు పోయిందేమోనని పక్కింట్లో అడిగాను. పోలేదన్నారు.

మరునాడు సిగ్నల్ వచ్చాక ఫోన్‌లో చూశాను. ఎవరు ఎప్పుడు మార్చారో అందులో నమోదవుతుంది. ముప్పై ఎనిమిది, నా ఫోన్ నుంచి. పావుగంట తర్వాత ఇరవై ఆరు, సరైన పాస్‌వర్డ్‌తో. ఏ ఫోనో చెప్పే చోట ఖాళీ. ఆ పావుగంటకు నా ఫోన్ సిగ్నల్ లేకుండా నా చేతిలోనే ఉంది.

పాస్‌వర్డ్ మార్చినా బిగించినవాడికి వేరే దారి ఉంటుంది, ఖలీల్ భాయే అయి ఉంటాడని దండం పెట్టడానికి జగిత్యాల పోయాను. ఆయన నవ్వాడు. "నిన్న పొద్దుగాల నుంచే నాకు తెరుచుకుంటలేదు సేట్. తాళం మార్చినవు గద. మంచి పని చేసినవ్."

రాజేశం ముందు ఆ పేరు నేను పైకి అనలేదు. ఎక్కడా రాసుకోలేదు. ఈ పనులు తెలిసినవాళ్లను తర్వాత అడిగాను. తలా ఒకటి చెప్పారు, నలిపి చూస్తే ఒక్కటీ నిలవలేదు.

ఇంటర్నెట్ తీసేయించాను. ఆ డబ్బాను అడిగినవాడికి బేరం లేకుండా ఇచ్చేశాను. నా బతుకులో అట్లా ఇచ్చింది అదొక్కటే.

తొట్టెల నాడు పాప చెవి దగ్గర వంగాను. ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. నేను పైకి అనకముందే ఆ పేరు ఎవరికో తెలుసు. ఆ ఎవరో నా బిడ్డను బతికించారు, అయినా ఆ పేరుతో పాపను పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు. అప్పటికప్పుడు వేరే పేరు చెప్పాను.

అమ్మాయి ఇప్పుడు బడికి పోతోంది. ఆ మొదటి పేరు ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా రాయడం లేదు.