కృష్ణలో రెండు బిలాలు

ఆ రోజుల్లో నా కాలు ఒకచోట నిలిచేది కాదు. డెబ్బైలలో బెజవాడ గవర్నర్‌పేటలోని ఒక కాలేజీలో టెంపరరీ ఫిజిక్స్ లెక్చరర్ని. పామర్రులో నా ఉపన్యాసం జనం చివరిదాకా కూర్చుని వింటే పర్మనెంటు చేస్తానన్నారు సెక్రటరీగారు. చూడడానికి తనే బయలుదేరారు. నాకు ధైర్యం చెప్పడానికి పటమట నుంచి బావ, మా అక్క భర్త, వచ్చాడు. (బావ ఇచ్చే ధైర్యం కన్నా బావ బరువే ఎక్కువ.) బస్సులో ఇద్దరు పట్టే సీటులో నేనూ, ఒక బక్కపలచని గుమస్తా కూర్చున్నాం. బావ వచ్చి కూలబడగానే గుమస్తా లేచిపోయాడు. తరవాత బావంత మనిషి సెక్రటరీగారు ఎక్కారు. నేను ఫుట్‌బోర్డు మీదికి చేరాను.

పామర్రులో హాలు నిండిపోయింది. 'జంట కృష్ణబిలాలు' అని బోర్డు రాయించాను. ఆ జనాన్ని చూసి వేదిక మీద అటూ ఇటూ తిరుగుతుంటే ముందు వరసలోంచి ఒక రైతు లేచాడు. "కృష్ణకి రెండుచోట్ల బొక్క పడిందంటగా. మా కాలవకి నీళ్ళొస్తాయా రావా, ముందది చెప్పండి." "కృష్ణ అంటే నలుపండీ. ఈ బిలాలు ఆకాశంలో ఉంటాయి" అన్నాను. "ఆకాశంలోనా? వీటికోసం పొలంలో దమ్ము చేసేది ఆపుకొని వచ్చామా?" కండువాలు దులుపుకొని సగంమంది లేచారు. నా ఉద్యోగమూ వాళ్ళతోపాటే లేచింది. "ఒరే బామ్మర్దీ, ఏదోటి చెప్పరా, గుమ్మం దాటుతున్నారు" అన్నాడు బావ.

నా నోటికి బస్సే వచ్చింది. "నక్షత్రాల గుంపు కూడా కిక్కిరిసిన బస్సేనండీ. బాగా బరువైన నక్షత్రం ఆరిపోయి తనలోకి తనే కూలితే, వెలుగు కూడా బయటికి రాని బిలం అవుతుంది. బరువైనవి గనక మెల్లగా గుంపు నడిమికి చేరతాయి. అక్కడ జంటగా తిరిగే తేలిక నక్షత్రాల మధ్యకి ఒక బిలం వస్తే వాటిలో ఒకటి బయటికి పోతుంది. ఇంకో బిలం వస్తే రెండోదీ పోతుంది. చివరికి సీటులో బిలాలు రెండే. ఇందాక బస్సులో మా బావా, సెక్రటరీగారూ కూర్చున్నట్టు."

అనేశాక గాని ఏమన్నానో తెలియలేదు. హాలంతా నవ్వింది, సెక్రటరీగారు తప్ప. లేచినవాళ్ళు కూర్చున్నారు. "మరి బయటపడ్డోడు ఏమైపోతాడండీ?" అన్నాడు రైతు. "ఒక్కోసారి గుంపే వదిలి పోతాడండీ. వాడు పోతూ పోతూ మిగిలిన ఇద్దర్నీ ఇంకా దగ్గర చేస్తాడు."

తిరుగు బస్సులో సెక్రటరీగారు కిటికీలోంచి చూస్తూనే కాస్త జరిగారు. "కూర్చోండి మాస్టారూ. పర్మనెంటు లెక్చరరు ఫుట్‌బోర్డు మీద వేలాడితే కాలేజీకి బాగుండదు." "వీడి సిద్ధాంతం ఒప్పుకోదండీ" అంటూనే బావ నన్ను మధ్యలోకి లాగాడు. బెజవాడ దాకా ఊపిరాడలేదు.

సెక్రటరీగారు ఎప్పుడో పోయారు. ఈ వేసవిలో బావ కూడా పోయాడు. తేలికవాడే ముందు పోతాడని ఆ రోజు అంతమందికి చెప్పింది నేనే. ఇప్పుడు మళ్ళీ కాలు నిలవడం లేదు, పని లేకపోయినా బస్సెక్కుతున్నాను. సీటంతా ఖాళీగా ఉన్నా అంచునే కూర్చుంటాను. "లోపలికి జరగొచ్చుగా తాతగారూ" అంటాడు కండక్టరు. "జరుగుతాలే బాబూ" అంటాను. జరగను.